నాలుగు హబ్‌లు, ఒకే నెట్‌వర్కు: రైస్ మిల్లులో ఎలా కలపాలి?

తవుడు_బస్తా (మండపేట దగ్గర)

అందరికీ నమస్కారమండి. మాది మండపేట పక్కన రైస్ మిల్లు. ఓనరుని కాదు, కంప్యూటరు కుర్రాణ్ణి. బిల్లింగు, కెమెరాలు, ప్రింటరులో ఇంకు, ఓనరుగారి ఫోన్లో వాట్సాప్ రాకపోతే అదీ, అన్నీ నా నెత్తినే.

మిల్లులో నాలుగు ఈథర్నెట్ హబ్‌లున్నాయి (కంప్యూటర్ల నెట్టు తీగలన్నీ ఒకచోట కలిపే డబ్బాలు). ఎవరు ఎప్పుడు కొన్నారో ఎవరికీ తెలీదు. ఆఫీసులో ఒకటి, కాటా గదిలో ఒకటి, ప్యాకింగు షెడ్డులో ఒకటి, గోడౌన్‌లో ఒకటి. ఒకదాని తోకకి ఇంకోటి కట్టేశారు: ఆఫీసు నుంచి కాటాకి, కాటా నుంచి ప్యాకింగుకి, అక్కణ్ణుంచి గోడౌన్‌కి. ఆఫీసు హబ్ మీద 10/100 అని ఉంది. మిగతా మూడూ ఉత్త 10 మెగాబిట్లవి.

ఇప్పుడు దాళ్వా ధాన్యం దిగుతోందండి. ట్రాక్టరు కాటా ఎక్కుతుంది, తూకం కనపడుతుంది, బిల్లు నొక్కితే ఆఫీసు సర్వరు దాకా వెళ్ళి స్లిప్పు వచ్చేలోపు బండ్ల లైను రోడ్డెక్కేస్తోంది. కాటా గదిలో హబ్ మీద కొలిజన్ లైటు ఆరడమే లేదు. ప్యాకింగులో రెండు, గోడౌన్‌లో రెండు ఐపీ కెమెరాలు పెట్టించాక మరీ ఎక్కువైంది. ఆ కెమెరాల్లో మనుషులు నడవరు, గెంతుతారు.

ఓనరుగారు ఒకటే మాట: "అన్నీ కలిపి ఒకటి చెయ్, ఎక్కడ ఆగిపోయిందో ఆఫీసులో కూర్చుంటే తెలియాలి." ఈ నాలుగు హబ్‌ల్నీ కలిపి మేనేజ్డ్ నెట్‌వర్కులా (అంటే ఆఫీసు నుంచే చూసి సరిచేసుకునేలా) చెయ్యొచ్చా? అప్‌లింక్ అని రాసిన పోర్టు వాడాలా, మామూలు పోర్టా?

---

రావులపాలెం_టవర్

చెయ్యొచ్చు. నాలుగూ గోనెసంచిలో వేసి బ్రిడ్జి మీంచి గౌతమిలోకి వదిలెయ్యి. తర్వాత నాలుగు స్విచ్‌లు కొనుక్కో.

---

పాత_ల్యాబ్_మాస్టారు (కాకినాడ)

టవరుగారి వెటకారం పక్కన పెట్టండి బాబూ. సంగతి చెప్తాను.

హబ్ చేసేది ఒకటే పని. ఒక పోర్టులో వచ్చిన సిగ్నల్ని శుభ్రం చేసి మిగతా అన్ని పోర్టుల్లోంచీ బయటికి వదులుతుంది. ఏ మ్యాక్ అడ్రసు (ప్రతి మెషీన్‌కీ ఉండే గుర్తింపు నంబరు) ఎటుందో దానికి పట్టదు. మీ కాటా మీద ఒకసారికి ఒక బండే ఎక్కినట్టు, హబ్ తీగ మీద ఒకసారికి ఒక మెషీనే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మొదలెడితే రెండు ఫ్రేములూ (పంపే డేటా పొట్లాలు) పాడై, ఇద్దరూ కాసేపు ఆగి మళ్ళీ పంపాలి. ఆ లైటు చెప్పేది అదే. నాలుగు హబ్‌లు గొలుసుగా కలిపితే కాటా నాలుగు చోట్లకి పెరగదు, నాలుగు చోట్ల బండ్లూ అదే కాటాకి వస్తాయి.

మీది పది మెగాబిట్ల గొలుసు. రెండు మెషీన్ల మధ్య ఎక్కువలో ఎక్కువ ఐదు ముక్కల తీగ, నాలుగు హబ్‌లు ఉండొచ్చని దానికి నియమం. గోడౌన్ మెషీన్ నుంచి ఆఫీసు మెషీన్ దాకా లెక్కేసుకోండి: ఐదు తీగలు, నాలుగు హబ్‌లు. సరిగ్గా హద్దు మీద ఉన్నారు. ఐదో హబ్ తగిలించారో, చెప్పలేని జబ్బులు మొదలవుతాయి.

ఆ హద్దు ఎందుకంటే, ఈథర్నెట్‌లో అన్నిటికన్నా చిన్న ఫ్రేము 64 బైట్లు, అంటే 512 బిట్లు. పది మెగాబిట్ల దగ్గర అది పంపడానికి 51.2 మైక్రోసెకన్లు. పంపడం అయిపోయేలోగానే "గుద్దుకుంది" అన్న కబురు ఆ చివర నుంచి వెనక్కి రావాలి. రాకపోతే పంపినవాడు వెళ్ళిపోయిందనుకుని ఊరుకుంటాడు. వంద మెగాబిట్లలో ఆ గడువు 5.12 మైక్రోసెకన్లే. అందుకే వంద మెగాబిట్ల హబ్‌లు, రెండో తరగతివైతే, రెండు మాత్రమే కలపొచ్చు. వాటి మధ్య తీగ లెక్కప్రకారం ఐదు మీటర్లు. మొదటి తరగతిదైతే ఒక్కటే. కాబట్టి పాతవి తీసేసి నాలుగు వంద మెగాబిట్ల హబ్‌లు పెడదామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

అప్‌లింక్ సంగతి: అందులో తీగలు లోపలే తిరగేసి ఉంటాయి, అంతే. హబ్‌కీ హబ్‌కీ మామూలు తీగ వాడాలంటే ఒక చివర అప్‌లింక్‌లో, రెండో చివర మామూలు పోర్టులో పెట్టాలి. చాలా హబ్‌లలో అప్‌లింకూ దాని పక్క పోర్టూ లోపల ఒకటే. రెండూ ఒకేసారి వాడొద్దు.

---

తవుడు_బస్తా

మాస్టారండీ, మా కాటా హబ్‌లో అప్‌లింకూ, దాని పక్కదీ రెండూ వాడేసున్నాయండి. ఒకదాంట్లో ఆఫీసు తీగ, ఇంకోదాంట్లో తూకం ప్రింటరు. ఆ ప్రింటరు ఎప్పుడూ సరిగ్గా పనిచెయ్యలేదు. డ్రైవరు గోల అనుకున్నాం.

---

పాత_ల్యాబ్_మాస్టారు

ప్రింటరు తీగ ఇంకో పోర్టులోకి మార్చండి. ఇప్పుడే.

---

తవుడు_బస్తా

మార్చానండి. టెస్టు పేజీ వచ్చింది. ఆయ్!

---

చెరువుగట్టు_వైర్లు (భీమవరం)

తమ్ముడూ, కెమెరాల లెక్క కూడా వేసుకో. మామూలు 1080 కెమెరా ఒకటి నాలుగు మెగాబిట్ల చుట్టుపక్కల పంపుతుంది. నాలుగు కెమెరాలు పదహారు. పది మెగాబిట్ల హబ్‌లో, అదీ అందరూ కొట్టుకుంటుంటే, పది కూడా నీకు దక్కవు. నీ తూకం బిల్లు నాలుగు కేబీ కూడా ఉండదు, కానీ ఆ రద్దీలో దానికి సందు దొరకట్లేదు. ఈ రాత్రికి కెమెరాల సెట్టింగులో బిట్ రేటు ఒక మెగాబిట్‌కి, సెకనుకి బొమ్మలు (వీడియో ఫ్రేములు) పదికి దించెయ్. పైసా ఖర్చు లేదు. రేపు పొద్దున్నే తేడా తెలుస్తుంది. తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

ఇక అసలు సంగతి. హబ్ మేనేజ్డ్ అవ్వదు. నువ్వు మేనేజ్ చేసేది మధ్యలో పెట్టే స్విచ్‌ని. స్విచ్ హబ్‌లా అందరికీ వదలదు, ఏ మెషీన్ ఎటుందో గుర్తుపెట్టుకుని అటే పంపుతుంది. ఒక మేనేజ్డ్ స్విచ్ పెట్టి ఒక్కో హబ్‌నీ దాని సొంత పోర్టుకి వేరుగా తెచ్చుకో. అప్పుడు గోడౌన్‌లో గుద్దులాట గోడౌన్ పోర్టు దగ్గరే ఆగుతుంది, కాటా దాకా రాదు. మా రొయ్యల ప్లాంటులో అలాగే చేశాం. హబ్‌లు తర్వాత ఒక్కొక్కటీ తీసేశాం, ఓనరుకి ఒకేసారి గుండె ఆగకుండా.

---

పాత_ల్యాబ్_మాస్టారు

> హబ్ మేనేజ్డ్ అవ్వదు.

చిన్న సవరణ. ఎస్‌ఎన్‌ఎంపీ (దూరం నుంచే డబ్బా బాగోగులు అడిగే పద్ధతి) తెలిసిన హబ్‌లు కూడా ఆ రోజుల్లో ఉండేవి, పెద్ద ఆఫీసుల్లో. వెనకాల సెట్టింగులు చేసుకునే కన్సోల్ పోర్టు ఉంటుంది. బాబూ, మీ వాటికి అలాంటిదేమైనా ఉందా చూడండి. ఉండదనే నా అనుమానం.

---

తవుడు_బస్తా

లేదండి. వెనకాల కేబుల్ టీవీ తీగ తగిలించే గుండ్రటి బొడిపెలాంటిది ఒకటుంది, అంతే. కెమెరాల బిట్ రేటు దించానన్నా. పొద్దున్న కాటా దగ్గర గుమస్తాగారు "నెట్టు మార్చావేంటిరా" అన్నారు.

కానీ ఒక చిక్కు. ఆఫీసు నుంచి కాటాకి 40 మీటర్లు, కాటా నుంచి ప్యాకింగుకి 70, ప్యాకింగు నుంచి గోడౌన్‌కి 60. స్విచ్ ఆఫీసులో పెడితే ప్యాకింగుకి 110, గోడౌన్‌కి 170 అవుతోంది. వంద దాటకూడదంటారు కదా?

---

చెరువుగట్టు_వైర్లు

దాటకూడదు. ఇప్పటిదాకా ప్రతి హబ్ సిగ్నల్ని మళ్ళీ లేపి పంపుతోంది కాబట్టి నడిచింది. అయితే రెండు స్విచ్‌లు. ఒకటి ఆఫీసులో, ఒకటి ప్యాకింగులో. కాటా హబ్ ఆఫీసు స్విచ్‌కి, గోడౌన్ హబ్ ప్యాకింగు స్విచ్‌కి. రెండు స్విచ్‌ల మధ్య ఫైబర్. ప్యాకింగు హబ్ ఉద్యోగం అయిపోయింది, దానికి దండం పెట్టి పంపెయ్.

---

అంతర్వేది_గాలి (రాజోలు)

ఫైబర్ అన్నమాట పట్టుకుని వదలొద్దు. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి గాల్లో రాగి తీగ లాగితే, వైశాఖ మాసం ఉరుములకి ఆ తీగ ఏం మోసుకొస్తుందో నేను చూశాను. మా లాడ్జిలో రెండు బ్లాకుల మధ్య రాగి తీగ ఉండేది. పిడుగు మా మీద పడలేదు, పక్క కొబ్బరితోటలో పడింది. ఆ దెబ్బకి స్విచ్‌లో పోర్టులు వరసగా మాడిపోయాయి, టీవీ బాక్సులతో సహా. చెట్టు మాత్రం నిలబడే ఉంది, మొవ్వ కాలిపోయి.

పైగా మీ మిల్లులో జనరేటరు, పెద్ద మోటార్లు ఉంటాయి. ఆఫీసు ఎర్తు వేరు, ప్యాకింగు షెడ్డు ఎర్తు వేరు. ఆ రెండిటి మధ్య వోల్టేజి తేడా రాగి తీగ మీదకి వస్తుంది. ఫైబర్ గాజు, దానికి ఇవేం పట్టవు.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఆర్మర్డ్ ఫైబర్‌లో ఇనప తొడుగు ఉంటుంది. ఆ తొడుగు కరెంటుని మోస్తుంది. రెండు చివరలా స్విచ్ పెట్టెకి తగిలేలా బిగించారంటే, డబ్బు పెట్టి పిడుగుని లోపలికి పిలిచినట్టే. లోహం లేని రకం అడగండి.

---

రావులపాలెం_టవర్

గాలిగారూ, లోహం లేనిది వేస్తే ఉడతలు ఊరుకుంటాయా? మా కొబ్బరితోట మీంచి లాగిన నెట్టు తీగని ప్రతి వేసవిలో కొరికేవి. ఆర్మర్డ్ వేశాకే నాకు నిద్ర.

---

అంతర్వేది_గాలి

అయితే పైపులో వేసి భూమిలో పెట్టండి. లేదా ఆర్మర్డే వేసి, ఇనప తొడుగుని పెట్టెకి ముందే కత్తిరించి, ఎర్తు చెయ్యండి. మిల్లుల్లో ఉడతలకన్నా ఎలకలు ఎక్కువ, అది ఒప్పుకుంటా.

---

తవుడు_బస్తా

పైపే వేస్తానండి. ప్యాకింగు దాకా డ్రైనేజీ కాలవ పక్కన ఎలాగూ తవ్వుతున్నారు. ఫైబర్ అతికించడం ఎవరితో చేయించాలి?

---

చెరువుగట్టు_వైర్లు

మీ ఊళ్ళో కేబుల్ నెట్టు కుర్రాళ్ళ దగ్గర స్ప్లైసింగ్ మెషీను ఉంటుంది. టీ తాగించి రెండు చివరలు అతికించమను. సింగిల్ మోడ్ వేయించు, వాళ్ళ దగ్గర ఉండేది అదే. స్విచ్‌కి ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ తగిలించే చిన్న ముక్క) గూడు ఉన్నది కొను. ఒకే పోగు మీద రెండు వైపులా నడిచే ఎస్‌ఎఫ్‌పీలు తీసుకుంటే అవి జతగా వస్తాయి, ఒకటి పంపే కాంతి రంగుని రెండోది అందుకుంటుంది. రెండూ ఒకే రకం కొనేస్తే లైటు వెలగదు. ఇది చాలామంది దగ్గర జరుగుతుంది.

---

యానాం_పోర్టు_24

కొత్తగా చేరాను. ఒక సలహా: స్విచ్‌లో హబ్ తగిలించిన పోర్టుని 100 ఫుల్ డూప్లెక్స్‌కి (ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ) ఫిక్స్ చెయ్యండి, స్పీడు పెరుగుతుంది.

---

పాత_ల్యాబ్_మాస్టారు

యానాం బాబూ, ఆ పని చెయ్యనివ్వకండి. మొదట, అది పది మెగాబిట్ల హబ్, వంద అని బిగిస్తే లింకే రాదు. సరే, పది ఫుల్ అని పెట్టారనుకుందాం. హబ్ ఎప్పుడూ హాఫ్ డూప్లెక్సే, ఒకసారికి ఒకవైపే. ఫుల్ అనుకున్న స్విచ్ ఎవరు మాట్లాడుతున్నా పట్టించుకోకుండా పంపేస్తుంది. హబ్ వైపు మెషీన్లకి లేట్ కొలిజన్లు (ఆ 512 బిట్ల గడువు దాటాక జరిగే గుద్దులాటలు), స్విచ్ వైపు ఎఫ్‌సీఎస్ తప్పులు (పాడై వచ్చిన ఫ్రేములు) గుట్టలుగా పడతాయి. పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న పలకరింపు) మాత్రం బాగానే పోతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పెద్ద ఫైలు కాపీ చేసినప్పుడే పాకుతుంది.

ఆటో సెట్టింగులో వదిలెయ్యండి. పాత హబ్‌కి బేరమాడటం రాదు. దాని సిగ్నల్ చూసి స్విచ్ వేగం కనిపెట్టి, డూప్లెక్స్ తెలీనప్పుడు హాఫ్ అని పెట్టుకుంటుంది. మనకి కావలసింది అదే.

---

యానాం_పోర్టు_24

సరే మాస్టారూ, అర్థమైంది. మరి వీలాన్లు (ఒకే స్విచ్‌ని వేరువేరు నెట్‌వర్కులుగా విడదియ్యడం)? కాటా ఒకటి, కెమెరాలు ఒకటి, ఆఫీసు ఒకటి?

---

చెరువుగట్టు_వైర్లు

మిల్లుకి మూడు వీలాన్లా! హబ్‌కి వీలాన్ ట్యాగు అంటే ఏంటో తెలీదు. హబ్ తగిలిన పోర్టుకి ఏ వీలాన్ ఇస్తే ఆ హబ్ మీద ఉన్నవన్నీ అందులోనే. గోడౌన్ హబ్ మీద స్టాకు కంప్యూటరూ, రెండు కెమెరాలూ కలిసే ఉన్నాయి. వాటిని విడదియ్యాలంటే కెమెరాల్ని హబ్ మీంచి తీసి స్విచ్ పోర్టులకి తేవాలి. అది ఎలాగూ చెయ్యి. పీఓఈ (నెట్టు తీగ మీదే కరెంటు పంపడం) ఉన్న స్విచ్ అయితే కెమెరాలకి అడాప్టర్ల గొడవ కూడా పోతుంది. మామూలు కెమెరాకి 802.3ఏఎఫ్ రకం పీఓఈ ఇచ్చే 15.4 వాట్లు చాలు.

నా ఓటు రెండు వీలాన్లకే: కెమెరాలు ఒకటి, మిగతావి ఒకటి. ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డరు) కెమెరాల వైపే ఉండాలి. ఓనరుగారు ఫోన్లో చూడాలంటే రెండిటి మధ్య దారి చూపే రౌటరు కావాలి. నెట్టువాళ్ళు ఉచితంగా ఇచ్చే డబ్బాల్లో చాలావాటికి అది చేతకాదు. నీ డబ్బా చెయ్యలేకపోతే, అన్నీ ఒకే వీలాన్‌లో ఉంచి కెమెరాల్ని హబ్‌ల మీంచి తీసెయ్యి. సగం కంటే ఎక్కువ లాభం అక్కడే ఉంది.

---

తవుడు_బస్తా

ఓనరుగారు మొత్తానికి ఒప్పుకున్నారండి. పీఓఈ ఉన్న ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఒకటి ప్యాకింగుకి, అది లేనిది ఒకటి ఆఫీసుకి. "మిగతా హబ్‌లు ఉంచు, పనిచేస్తున్నదాన్ని ఎందుకు తియ్యడం" అన్నారు. గోడౌన్ కెమెరాలకి కొత్త తీగలు ప్యాకింగు నుంచి లాగుతున్నాం, ఒక్కోటి 75 మీటర్ల లోపే.

అడగాల్సింది: ఎక్కడ ఆగిందో ఆఫీసులో ఎలా కనపడుతుంది?

---

పాత_ల్యాబ్_మాస్టారు

స్విచ్‌కి ఐపీ అడ్రసు ఉంటుంది, బ్రౌజర్లో తెరిస్తే ప్రతి పోర్టు లెక్కా కనపడుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీ తెరిస్తే ఒక పాత కంప్యూటరులో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని గ్రాఫులు చూసుకోవచ్చు. రెండో వెర్షనైతే 'పబ్లిక్' అనే ముందస్తు పాస్‌వర్డు మార్చండి, మూడో వెర్షన్ ఉంటే అదే వాడండి.

మూడు అంకెలు చూడటం అలవాటు చేసుకోండి: పోర్టు లింకు పడి లేచిన వేళలు, ఎఫ్‌సీఎస్ తప్పులు, లేట్ కొలిజన్లు. మామూలు కొలిజన్లు హబ్ ఉన్న పోర్టులో ఉంటాయి, కంగారు పడొద్దు. లేట్ కొలిజన్ ఒక్కటి కనపడినా కారణం వెతకాలి.

హబ్‌కి అడ్రసు లేదు, దాన్ని పింగ్ చెయ్యలేరు. గోడౌన్ హబ్‌కి కరెంటు పోతే దాని పోర్టు లింకు పడిపోతుంది, స్విచ్ చెప్తుంది. అదే హబ్ వెనక ఇంకో హబ్ ఉండి, ఆ రెండోది పోతే, మొదటిది బతికే ఉంది కాబట్టి స్విచ్‌కి అంతా బాగున్నట్టే ఉంటుంది. కాబట్టి ఎవరెంత బతిమాలినా హబ్‌కి హబ్ తగిలించనివ్వకండి.

---

అంతర్వేది_గాలి

లూపు (తీగ చుట్టు తిరిగి అదే నెట్‌వర్కులోకి రావడం) సంగతి కూడా చెప్పండి మాస్టారూ. షెడ్డులో ఎవడో ఒకడు ఖాళీగా వేలాడే తీగ చూసి ఖాళీగా ఉన్న పోర్టులో దూర్చేస్తాడు. మా లాడ్జిలో రూం బాయ్ అదే చేశాడు, పెళ్ళి బృందం దిగిన రోజు.

---

పాత_ల్యాబ్_మాస్టారు

స్విచ్‌లో ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ (లూపుని పట్టుకుని ఆపే ఏర్పాటు) ఆన్ చెయ్యండి. అది పంపే కబురు ఫ్రేముల్ని హబ్ అలాగే అవతలికి వదులుతుంది. ఒకే స్విచ్ రెండు పోర్టుల మీదున్న హబ్‌లని ఎవరైనా కలిపేస్తే, తన కబురు తనకే తిరిగి రావడం చూసి స్విచ్ ఒక పోర్టు మూసేస్తుంది.

ఇందులో చిన్న మెలిక. హాఫ్ డూప్లెక్స్ పోర్టుని ఇది పంచుకున్న తీగగా లెక్కేసి, త్వరగా తెరవదు. లింకు వచ్చాక ముప్పై సెకన్లు ఆగుతుంది. ఈలోగా కాటా కంప్యూటరు అడ్రసు అడిగి అడిగి ఊరుకుంటుంది. అందుకని హబ్ పోర్టుల్ని ఎడ్జ్ (అవతల వేరే స్విచ్ లేని చివరి పోర్టు) అని పెట్టండి. లూపు వస్తే ఎలాగూ ఆ హోదా పోతుంది.

---

తవుడు_బస్తా

బిగించామండి. ఫైబర్ లైటు రెండు వైపులా పచ్చగా వెలిగింది. కెమెరాలు ప్యాకింగు స్విచ్ మీదకొచ్చాయి, బిట్ రేటు మళ్ళీ పెంచాను, ఇప్పుడు మనుషులు నడుస్తున్నారు. కాటా దగ్గర బిల్లు నొక్కితే ప్రింటరు చప్పుడు వెంటనే.

ఒక్కటే మిగిలింది. గోడౌన్ స్టాకు కంప్యూటరుకి వంద మెగాబిట్ల కార్డు ఉంది కదా అని హబ్ తీసేసి, ప్యాకింగు నుంచి వచ్చే పాత తీగని నేరుగా దానికే పెట్టాను. (ఓనరుగారికి ఇంకా చెప్పలేదు.) లింకు వంద వచ్చింది, కానీ ఎఫ్‌సీఎస్ తప్పులు నిమిషానికి వందలు. అదే తీగ హబ్‌తో పది మీద ఏళ్ళ తరబడి నడిచింది!

---

పాత_ల్యాబ్_మాస్టారు

రెండు చివరలా క్లిప్పు కొనలో రంగులు వరస చెప్పండి.

---

తవుడు_బస్తా

రెండు వైపులా ఒకటే: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, ఆకుపచ్చ, తెల్లనీలం, నీలం, తెల్లగోధుమ, గోధుమ. నీటుగానే ఉందండి.

---

పాత_ల్యాబ్_మాస్టారు

నీటుగా ఉండటమే దాని జబ్బు. డేటా వెళ్ళేది 1, 2 పిన్నుల మీద ఒక జత, 3, 6 పిన్నుల మీద ఒక జత. మీ తీగలో 3 మీద తెల్లాకుపచ్చ, 6 మీద నీలం. అంటే ఒకదానితో ఒకటి మెలిపడని రెండు వేరువేరు జతల పోగులు. మెలి లేకపోతే పక్క జత గోల అంతా ఎక్కుతుంది. చవక టెస్టరు ఎనిమిది లైట్లూ వరసగా వెలిగించి బాగుందంటుంది, ఎందుకంటే అది తెగిందా లేదా అనే చూస్తుంది. పది మెగాబిట్లు ఓర్చుకుంది, వంద ఓర్చుకోదు.

రెండు క్లిప్పులూ కోసి ఇలా వెయ్యండి: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ.

---

తవుడు_బస్తా

వేశానండి. మధ్యాహ్నం నుంచి తప్పులు సున్నా. ఇంకో మూడు తీగలు అదే వరసలో ఉన్నాయి, ఎవరు వేశారో గానీ ఒకే చెయ్యి. సాయంత్రం కాటా ఖాళీ అయ్యాక కోస్తాను.

---

చెరువుగట్టు_వైర్లు

స్విచ్‌ని తవుడు దుమ్ము లేనిచోట పెట్టావా? ఫ్యాను లేని రకమేనా?

---

తవుడు_బస్తా

ఫ్యాను లేదన్నా. మూత ఉన్న పెట్టెలో గోడకి ఎత్తుగా పెట్టాం. యూపీఎస్ కూడా ఉంది.

---

పాత_ల్యాబ్_మాస్టారు

తీసేసిన హబ్‌లలో ఒకటి పారెయ్యకండి. రెండు మెషీన్ల మధ్య ఏం నడుస్తోందో ల్యాప్‌టాప్‌లో పట్టి చూడాలంటే, మధ్యలో హబ్ పెడితే అన్నీ మూడో పోర్టుకి కూడా వస్తాయి. మీ స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టులో నడిచేదాని నకలు ఇంకో పోర్టుకి పంపడం) ఉంది, నిజమే. అయినా బీరువాలో ఒకటి ఉంటే పోయేదేముంది.

---

రావులపాలెం_టవర్

గోనెసంచీ ఖాళీగానే మిగిలిపోయిందన్నమాట.

---

తవుడు_బస్తా

మీ సంచికి పని ఉందిలెండి, ప్యాకింగు హబ్ అడాప్టరు కాలిన వాసన వచ్చింది. ఇంకో సంగతి, కాలవ అవతల ఓనరుగారి తమ్ముడి గోడౌన్ ఉంది. అది కూడా ఇందులో కలపమంటున్నారు. కాలవ మీద తీగ లాగనివ్వరట. దానికి వేరే చర్చ పెడతాను, గాలిగారూ మీరు తప్పకుండా రావాలి.

---

అంతర్వేది_గాలి

పెట్టండి. రెండు వైపులా డాబా ఎత్తు ఎంతో, మధ్యలో కొబ్బరిచెట్లు ఎన్నున్నాయో ముందే రాయండి. వైర్‌లెస్ బ్రిడ్జికి అడ్డం వచ్చేది ఆ మట్టలే.